చుక్కబర్రెకు కట్టిన చిక్కం

మొన్న తరగతి గదిలో నల్లబల్ల మీద భాస్వరం తిరిగే దారిని గీస్తున్నాను. రాయి, నేల, మొక్క, పశువు, మనిషి, మళ్లీ నేల. వాటి మధ్య బాణపు గుర్తులు. ఏటా గీసే బొమ్మే. నత్రజని గాలిలో ఉంటుంది, వానతో కొంత దిగివస్తుంది. భాస్వరానికి ఆ వెసులుబాటు లేదు, ఒక ప్రాణి వదిలితేనే మరొక ప్రాణికి అందుతుంది, అని ఎప్పటిలాగే చెప్పాను. అప్పుడు వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడి, "మేడమ్, మరి పశువుకు అది సరిపోకపోతే ఏం చేస్తది?" అని అడిగింది.

పాఠ్యపుస్తకంలో దానికి జవాబు ఉంది. ఆ జవాబే చెప్పాను. చెబుతూ ఉండగానే ముక్కుకు తడిగడ్డి వాసన తగిలింది. మూడో అంతస్తులో ఉన్న ఆ గదికి గడ్డి వాసన వచ్చే దారి లేదు. మిగిలిన పాఠాన్ని ఎలా ముగించానో నాకు సరిగా గుర్తు లేదు.

మా ఇల్లు పాతబస్తీలో, మూసీ ఒడ్డుకు కూతవేటు దూరంలో ఉండేది. ముందు రెండు గదులు మనుషులవి, వెనక పెద్ద కొట్టం బర్రెలది. మా అవ్వ, అంటే మేము బాపు అని పిలిచే నాన్నను కన్నతల్లి, దృష్టిలో ఇల్లంటే వెనకదే. మేమందరం ముందు గదుల్లో కిరాయికి ఉన్నట్టు ఉండేవాళ్లం. గల్లీలో సగం ఇళ్లు పాడి మీదనే బతికేవి. మిగతా సగం ఇళ్లలో ఆడవాళ్లు లాడ్ బజార్ దుకాణాల కోసం లక్కగాజులకు రాళ్లు అంటించేవారు. తెల్లవారితే ఒకవైపు నుంచి కరిగే లక్క వాసన, మరొకవైపు నుంచి పిడకల పొగ, మధ్యలో అప్పుడే పితికిన పాల వెచ్చటి వాసన. ఈ మూడూ కలిసిన గాలిని నేను మళ్లీ ఎక్కడా పీల్చలేదు.

మా బర్రెలు తినేది మూసీ గడ్డి. ఊరి మురుగంతా కలిసే ఆ నీటి ఒడ్డున గడ్డి నిలువెత్తు పెరిగేది. బాపు పొద్దున్నే మోకాటి లోతు నీళ్లలో దిగి కొడవలితో కోసి, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. నీళ్లు కారుతూ, కాళ్లకు జలగలతో. వాటిని ఉప్పు చల్లి రాల్చడం నా పని. ఆ పనిలో నాకు ఒక క్రూరమైన ఆనందం ఉండేదని ఒప్పుకోవాలి.

"ఆ మోరీ నీళ్ల గడ్డి ఎట్ల తింటయవ్వా, కంపు కొట్టదా?" అని ఒకసారి అడిగాను.

అవ్వ దూడ ఒంటికి పట్టిన గోముడు పురుగులు పీకుతూ నవ్వింది. "మోరీల ఏముంటది బిడ్డా? ఈ షహరు తిని కడుక్కున్నదే గదా. దాన్ని గడ్డి తాగుతది, గడ్డిని బర్రె తింటది, బర్రె పాలు మళ్ల ఈ షహరే తాగుతది. ఎవల్ది వాళ్లకే పోతది. మనం నడిమిట్ల చెంబు పట్టుకుంటం, గంతే."

ఇరవై ఏళ్లకు పైగా విద్యార్థులకు బోధించిన నేను ఇంతకంటె సులువుగా ఆ మాట చెప్పలేకపోయాను.

పెండలో కొంత గోడల మీద పిడకలయ్యేది. మిగతాది వెనక గుంతలో మగ్గి, నెలకొకసారి ఎడ్లబండి మీద బార్కస్ వైపు జామతోటలకు వెళ్లేది. బాపు తిరిగి వచ్చేటప్పుడు బండి అడుగున జామకాయలు ఉండేవి. ఉప్పు కారం అద్దుకుని కొరుకుతూ ఉంటే అవ్వ సరిగ్గా ఆ సమయం చూసుకుని, "మంచిగున్నయా? మన పెండనే అది. తిను, తిను," అనేది. నేను ఉమ్మివేయబోయి, ఆలోచించి, మళ్లీ నమిలేదాన్ని. అంత తీపిని ఉమ్మివేయడం ఎవరి తరమూ కాదు.

మా గల్లీలోకి రోజూ వచ్చే ఒక మనిషి బొక్కల చాచా. తెలంగాణలో ఎముకను బొక్క అంటాము. ఆయన ఎముకలతో నిహారీ పులుసు కాచే హోటళ్ల దగ్గరా కసాయి దుకాణాల దగ్గరా ఎముకలు పోగుచేసి, తోపుడుబండి మీద గోనెసంచులతో మా గల్లీ గుండా తీసుకుపోయేవాడు. బండి వెనక కాకులు, కుక్కలు, ఆ వెనక మేము. అవకాశం దొరికితే ఒక పక్కటెముక లాగి, బండి చెక్క మీద డప్పు వాయించేవాళ్లం. ఆయన కోపం నటించేవాడు.

"అరె షైతాన్! అది నీ తాత బొక్క అనుకున్నవా, గట్ల కొడ్తున్నవ్?"

"ఇవన్నీ ఏం చేస్తవ్ చాచా?"

"మిల్లుకు ఏస్త. ఆడ పిండి పడ్తరు. చేన్లల్ల చల్లుతరంట. గడ్డి గిట్ల లేస్తదంట," అని తన నడుం దాకా చెయ్యి చూపించేవాడు. "నేను సూడలేదు, మిల్లోళ్లు చెప్తరు. ఆ మిల్లు పక్కపొంటి బర్లు మాత్రం వచ్చి సంచులు నాకుతయ్. గది సూసిన."

ఆ మాట ఇంట్లో చెబితే అవ్వ చేతిలోని గరిటె చూపించింది. "అన్నం కాడ గా మాటలేందే? బర్లు బొక్కలు నాకుడేంది, తూ!"

అవ్వకు కొట్టంలో ఉన్న అన్ని బర్రెలూ ఒక ఎత్తు, చుక్కబర్రె ఒక ఎత్తు. నుదుటి మీద రూపాయంత తెల్లమచ్చ ఉండేది దానికి. అవ్వ పెళ్లయి వచ్చిన నాడు వాళ్ల తండ్రి కానుకగా తోలిన బర్రె సంతానంలో మిగిలిన ఒకే ఒక్కటి అది. మిగతావన్నీ అమ్ముడుపోయాయి, లేదా చచ్చిపోయాయి. దానిని పితికేటప్పుడు అవ్వ తన పుట్టింటి మాటలు చెప్పేది. మాకు కాదు, దానికి. దాని మొదటి చెంబు పాలు మల్లన్నకు. తరువాతవి గల్లీ చివర ఉండే పూజల పెద్దమ్మకు. ఆమె ఒంటరి ముసలావిడ, నిష్ఠ గలది. చుక్కబర్రె పాలు తప్ప మరొక పాలు దేవుడికి పెట్టేది కాదు, ఆ సంగతి పదిమందికీ చెప్పేది. దానివల్ల మా పాలకు గల్లీలో ఒక గౌరవం ఉండేది.

ఆ సంవత్సరం వానాకాలంలో మూసీ పొంగింది. ఇళ్లలోకి రాలేదు కాని ఒడ్డు మీద గడ్డినంతా ఇసుకా బురదా కప్పేశాయి. బాపు కొడవలి పట్టుకుని పోయి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన పొద్దు నాకు గుర్తుంది. ఇక చేసేది లేక అఫ్జల్‌గంజ్ వైపు నుంచి ఎండు వరిగడ్డి బండ్లు తెప్పించాడు. కూరగాయల మార్కెట్‌లో పారవేసే క్యాబేజీ ఆకులు సంచుల్లో మోసుకొచ్చాడు. బర్రెలకు కడుపు నిండేది. అవి కడుపు నిండిన పశువుల్లా ఉండేవి కావు.

చుక్కబర్రె అప్పుడు నిండు చూలుతో ఉంది. మా ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. చూలు ముదిరిన బర్రెకు తవుడు ఆపేస్తారు. తవుడు తింటే కడుపులో దూడ పెరిగిపోయి ఈనడం కష్టమవుతుందని నమ్మకం. అవ్వ అత్తగారు అలా చేసింది, ఆమె అత్తగారూ అలాగే చేసింది. మూసీ గడ్డి దండిగా ఉన్న రోజుల్లో ఆ ఆచారం ఏ బర్రెకూ నష్టం చేసి ఉండదు. ఆ సంవత్సరం మాత్రం గడ్డి లేదు, తవుడూ లేదు. రెండూ ఒకేసారి లేకపోవడం వల్ల ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

చుక్కబర్రె మొదట గోడకున్న సున్నం నాకింది. తరువాత దండెం మీది బాపు లుంగీ అంచు నమిలేసింది. నా పుస్తకాల సంచి పట్టీ కూడా. నేను ఏడ్చి గోల చేశాను. బాపు నవ్వి, "చదువుకుంటదేమో తియ్, నీకంటే జల్ది పాసైతది," అన్నాడు.

ఒక మధ్యాహ్నం అవ్వ కొట్టంలోకి వెళ్లి పెద్ద కేక వేసింది. పరుగెత్తి చూశాము. చుక్కబర్రె నోట్లో ఒక ఎముక ఉంది. కుక్కలు ఎక్కడి నుంచో తెచ్చి పడేసినది. అది కళ్లు సగం మూసుకుని, పక్కలకు దవడ కదిలిస్తూ, ఎంతో శ్రద్ధగా నమలుతోంది. అవ్వ చేతులతోనే నోరు తెరిచి ఆ ఎముకను లాగి పారేసింది. పసుపునీళ్లతో దాని మూతి కడిగింది.

నాకు ఉండబట్టలేదు. "అవ్వా, బోనాలకు మనం బొక్కలు కొరుకుతం గద?"

"మనం మనుషులం, పాపం చేస్తందుకే పుట్టినం. బర్రెకేం అవసరమే? అది లక్ష్మి. దాని పాలు మల్లన్న తాగుతడు."

ఆ రోజు సాయంత్రమే చిక్కం వచ్చింది. చిక్కమంటే తాడుతో అల్లిన జాలీ బుట్ట. నూర్చేటప్పుడు ఎడ్లు ధాన్యం తినకుండా మూతికి కడతారు. పట్నంలో దాని అవసరం ఉండదు. అవ్వ కొబ్బరి పీచు తాడుతో తానే అల్లింది. మేత వేసేటప్పుడు విప్పడం, మేత కాగానే కట్టడం. చుక్కబర్రె కట్టించుకునేటప్పుడు తల అటూ ఇటూ తిప్పేది కాదు. అవ్వ చేతులు కనుక నిలబడేది.

ఇప్పుడు చెప్పబోయేది మా పిల్లల ఆగడం. ఒకరోజు అవ్వ నిద్రపోతుండగా నేనూ పక్కింటి పిల్లా కలిసి ఆ చిక్కం విప్పి, మాలో ఒకరి మూతికి ఒకరం కట్టుకుని అద్దంలో చూసుకుని నవ్వుకుంటున్నాము. కొట్టం గడియ వేయడం మరిచాము. అదే సమయానికి గల్లీలో బొక్కల చాచా బండి వచ్చింది. చుక్కబర్రె, అంత బరువు కడుపుతో, నేను ఎన్నడూ చూడని వేగంతో బయటికి నడిచింది. తిన్నగా బండి దగ్గరికి వెళ్లి గోనెసంచిలో మూతి పెట్టి, ఒక ఎముక తీసుకుని, గల్లీ నడుమ నిలబడి నమలసాగింది.

అందరూ బయటికి వచ్చారు. గాజులకు రాళ్లు అంటించే ఆడవాళ్లు నవ్వారు. చాచా బర్రెను తరమలేదు; తల గోక్కుంటూ చూస్తున్నాడు. అవ్వ జుట్టు ముడి వేసుకుంటూ పరుగున వచ్చింది.

"అమ్మా, మిల్లు కాడి బర్లు గిట్లనే చేస్తయ్," అన్నాడు చాచా. "జర తిన్నియ్ రాదు. మాంగ్‌తుంది, అడుగుతుంది పాపం. దానికేం గావాల్నో మనకేమెర్క?"

"నీకేమెర్క భాయ్! నీది బొక్కల బండి, నాది పాల చెంబు," అంది అవ్వ, మెడపట్టు పుచ్చుకుని లాగుతూ.

అప్పటికే పూజల పెద్దమ్మ తన గడపలో నిలబడి ఉంది. ఆమె గొంతు పెద్దది కాదు, కాని గల్లీ మొత్తానికి వినిపించింది.

"ఏందమ్మా ఇది? బొక్కలు దినే బర్రె పాలా నేను ఇన్నొద్దులు నా దేవునికి వెట్టింది?"

ఎవరికీ తలవంచని మా అవ్వ బర్రెను నడిపించుకుని తలవంచుకుని ఇంట్లోకి వచ్చింది. మమ్మల్ని కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆనాటి నుంచి చిక్కానికి రెండో తాడు చేరింది. మేత వేసేటప్పుడు అవ్వ పక్కనే కూర్చునేది. మేత అయిపోయిన తరువాత చుక్కబర్రె ఆమె అరచేతిని చాలాసేపు నాకేది. "మాయ చేస్తున్నవా, మాయ?" అని అవ్వ దాని నుదుటి మచ్చ మీద వేలితో రాసేది.

చుక్కబర్రె సుఖంగానే ఈనింది. పెయ్యదూడ, నల్లగా నిగనిగలాడుతూ. తల్లికున్న మచ్చ దానికి లేదు. అవ్వ తన పాత ఆచారం ఫలించిందని సంతోషపడింది. ఇంట్లో జున్ను వండారు. బెల్లమూ మిరియాలూ వేసి, మూకుడు అడుగు కొంచెం మాడేలా. అమ్మ గిన్నెలు నింపి నా చేత గల్లీలో పంచిపెట్టించింది. పూజల పెద్దమ్మ తలుపు తీసి, గిన్నె చూసి, "వద్దు బిడ్డా, మీరే తినుండ్రి," అని తలుపు మూసింది. ఆ గిన్నెడు జున్ను నేను మెట్ల మీద కూర్చుని మొత్తం తినేశాను. ఇంట్లో ఆమె తీసుకుందనే చెప్పాను.

పాలు పొంగినట్టు వచ్చాయి. చిక్కం విప్పలేదు. పేరు పోయిన చోటనే పేరు నిలబెట్టాలని అవ్వ పట్టుదల. బర్రె మళ్లీ గల్లీలోకి వెళ్లి అలా నిలబడితే ఇక మా ఇంటి పాలు ఎవరూ ముట్టరని ఆమె భయం. ఆ భయం అబద్ధం కాదు.

జున్ను రోజులు గడిచిన కొద్ది వారాలకే ఒక ఉదయం కొట్టం కడుగుతున్న అమ్మ బాపును పిలిచింది. చుక్కబర్రె పోసిన మూత్రం కాఫీ రంగులో ఉంది. మరునాటికి ఇంకా ఎర్రబడింది. "వేడి చేసింది," అన్నాడు బాపు. ధనియాలు నానబెట్టిన నీళ్లు, మజ్జిగ, అంబలి పట్టించారు. "దిష్టి," అంది అవ్వ. గల్లీ మొత్తం చూసింది కదా! మిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోయేసరికి దిష్టే అని రూఢి చేసుకుంది. మల్లన్న గుడి పసుపు, బండారి, దాని నుదుట రాసింది. బాపు పశువుల దవాఖానాకు వెళ్లాడు. డాక్టరు క్యాంపు మీద ఊళ్లకు పోయాడట. అక్కడి కాంపౌండరు ఏదో పొడి కట్టి ఇచ్చాడు. పాలు ఒక్కసారిగా పడిపోయాయి. కంటి రెప్ప కింద తెల్లగా పాలిపోయింది. లేవడం మానేసింది.

చివరికి చిక్కం విప్పారు. అప్పటికి దానికి దేనిమీదా ఆశ లేదు. అవ్వ దాని తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అమ్మ అన్నం తినమంటే వినలేదు. నేను గడపలో నిలబడి చూశాను. చుక్కబర్రె నాలుక బయటికి వచ్చి, అవ్వ అరచేతిని వెతికి, ఒకసారి నాకింది. కొంతసేపటికి దూడ అరిచింది. తల్లి చెవి కదలలేదు.

పాతబస్తీలో చచ్చిన పశువును తీసుకుపోవడానికి మనుషులు ఉండేవారు. తోలు ఒకరికి, ఎముకలు ఒకరికి. అదీ ఒక జీవనం. వాళ్లు వచ్చారు. అవ్వ లోపలికి రానివ్వలేదు. బండి కట్టించి, మేము గడ్డి కోసుకునే మూసీ ఒడ్డుకు చేర్పించి, ఇసుక తవ్వి, రెండు బస్తాల ఉప్పు వేయించి అక్కడ పూడ్పించింది. గొయ్యి సగం నిండే వేళకు బొక్కల చాచా వచ్చాడు. బండి లేదు. అవ్వ చటుక్కున లేచి అడ్డంగా నిలబడింది.

"నా బిడ్డ బొక్కలు నీ బండెక్కయి, చెప్తున్నా!"

చాచా తల మీది టోపీ సర్దుకున్నాడు. "మిట్టీ ఏస్తందుకు వచ్చిన అమ్మా. ధందాకు రాలేదు."

అవ్వ పక్కకు జరిగింది. ఆయన మూడు దోసిళ్ల మట్టి వేసి వెళ్లిపోయాడు.

ఆ తరువాతి వానలకు ఒడ్డు మీద గడ్డి మళ్లీ లేచింది. చుక్కబర్రెను పూడ్చిన చోట చుట్టూ ఉన్నదానికంటె నల్లగా, ఒత్తుగా పెరిగింది. అవ్వ ఆ గడ్డిని వేరే బర్రెలకు కోయనివ్వలేదు. పెయ్యను తానే తోలుకుపోయి అక్కడ మేపేది. నేను రసాయన శాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఇలా అనుకుంటాను: ఆ తల్లి దేహంలోని భాస్వరం కొంతైనా మట్టిలోకి, మట్టి నుంచి గడ్డిలోకి, గడ్డి నుంచి ఆ కూతురి ఎముకల్లోకి చేరి ఉంటుంది. ఆ పెయ్య పెరిగి ఈనినప్పుడు దాని పాలు నేనూ తాగాను. నా పళ్లలో ఎంత ఉందో ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

తరువాత ఏమైందో చెప్పడం పెద్ద పని కాదు, పాతబస్తీ అంతటా అదే జరిగింది. పశువులు ఊరి బయటికి పోవాలని మున్సిపాలిటీ వాళ్లు అన్నారు. జామతోటలు ప్లాట్లయ్యాయి, మా పెండ ఎవరికీ అక్కరలేనిదయి మోరీల్లో పడి అడ్డం నిలిచింది. దానికి జరిమానాలు. బాపు బర్రెలను ఒక్కొక్కటిగా అమ్మి, చివరికి చుక్కబర్రె బిడ్డను కూడా తోలేసి, ఒక గోదాములో కాపలా ఉద్యోగానికి చేరాడు. ఒడ్డు మీద గడ్డి ఉన్నచోట మట్టి పోసి చదును చేసి, మిద్దెలు లేపారు. ఆ కాంక్రీటు కింద చుక్కబర్రె ఎముకలు ఉన్నాయి. అక్కడి నుంచి ఏ బాణమూ ఎటూ పోదు. ఊరు కడిగిపోసినది ఇప్పుడూ మూసీలో పారుతూనే ఉంది. మధ్యలో చెంబు పట్టుకునే వాళ్లు లేరు, అందుకని అది గుర్రపుడెక్కకు ఆహారమై నీటి ముఖాన్ని కప్పేస్తోంది. పొలాలకు కావలసినది మాత్రం ఎక్కడో దేశాల కొండలు తవ్వి, సంచుల్లో నింపి తెస్తున్నారు. ఈ మాటలు తరగతిలో చెబుతాను.

మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ రెండో సంవత్సరంలో ఒక రోజు మా అధ్యాపకుడు పశువుల ఆహారంలోని ఖనిజాల గురించి చెబుతూ, భాస్వరం చాలని పశువులు గుడ్డలు, మట్టి, ఎముకలు నములుతాయని, ఎక్కువ పాలిచ్చే బర్రెల్లో ఈనిన కొన్ని వారాలకు రక్తకణాలు పగిలి మూత్రం ఎర్రబడుతుందని, ఎండుగడ్డీ క్యాబేజీ వంటి ఆకులూ మాత్రమే మేస్తే ఆ ముప్పు పెరుగుతుందని, తవుడులో ఆ ఖనిజం దండిగా ఉంటుందని చెప్పాడు. ఆయన అది నాలుగు వాక్యాల్లో చెప్పి తరువాతి ఖనిజానికి వెళ్లిపోయాడు. నేను కలం మూసి కూర్చున్నాను.

అప్పటికి అవ్వ మంచం పట్టింది. సాయంత్రం ఆమె కాళ్లకు నూనె రాస్తూ ఉన్నాను. చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. బాపుతో అంటే, "ముసల్దానికి ఇప్పుడెందుకే?" అన్నాడు. కాని పూజల పెద్దమ్మ పెట్టిన దిష్టి వల్లనే చుక్కబర్రె పోయిందని అవ్వ అన్నేళ్లుగా ఆమెను తిడుతూనే ఉంది, ఆవిడ చనిపోయిన తరువాత కూడా. ఆ తిట్టు నాకు న్యాయం అనిపించలేదు.

"అవ్వా, చుక్కబర్రెకు దిష్టి తాకలే."

"మరేంది?"

"పాలల్ల ఒక సారం బయటికి పోతది. అది మూసీ గడ్డిల ఉంటది, తవుడుల ఉంటది. ఆ ఏడు మనం రెండూ పెట్టలే. బొక్కలల్ల గూడ అదే సారం. అందుకే అది బొక్కల కోసం తిరిగింది."

అవ్వ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"అయితే తిన్నియ్యాల్సి ఉండెనా?"

నేను తొందరపడి అబద్ధం చెప్పదలచుకోలేదు. "ఊకెనే పడ్డ బొక్కలు తింటే వేరే రోగం గూడ వస్తదంట. గానీ కాల్చి, పొడి చేసి, తవుడుల కలిపి పెట్టి ఉంటే... బతికేదేమో."

"బతికేదేమో," అని అవ్వ మెల్లగా అంది. తరువాత, "మనకు ఎవలు చెప్పలే గదా?"

"ఎవలు చెప్పలే అవ్వా."

"దానికి ఎర్కనే ఉండె," అంది. "దానికి ఎర్కనే. నేను నోరు కట్టేసిన."

చదువు మాటలు అప్పటికే అయిపోయాయి. గల్లీ పరువు గురించి, పూజల పెద్దమ్మ గురించి, ఆమె భయం గురించి ఏదో అనబోయాను. అవ్వ వినలేదు. మంచం పట్టె పట్టుకుని సగం లేచింది.

"పో బిడ్డా. గల్లీల చెప్పిరా పో. ఈనేటి బర్రెకు తవుడు ఆపొద్దని చెప్పు. నోరు కట్టొద్దని చెప్పు. అందరికి చెప్పు."

"అవ్వా, ఇప్పుడు గల్లీల..."

"పో అంటున్న గదా!"

బయటికి వచ్చి గడపలో నిలబడ్డాను. ఎదురింటి కొట్టానికి షట్టరు పడింది. దాని పక్కది కుర్చీలు కిరాయికిచ్చే దుకాణమయింది. మరొకటి మోటారు సైకిళ్లు నిలిపే చోటు. మూలమీది కొట్టంలో పంక్చరు దుకాణం. ఒక యువకుడు నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. అతని దగ్గరికి వెళ్లి, అవ్వ చెప్పమన్నదంతా చెప్పాను. అతను ట్యూబు వదలకుండానే విన్నాడు.

"బర్లు ఎక్కడున్నయ్ బాజీ ఇక్కడ?"

"లేవు భాయ్. మా అవ్వ చెప్పమన్నది."

అతను నవ్వలేదు. మా ఇంటి వైపు ఒకసారి చూశాడు. "సరే బాజీ. ఎవలన్న అడిగితే చెప్తా," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ అలాగే సగం లేచి కూర్చుని ఉంది.

"చెప్పినవా?"

"చెప్పిన అవ్వా."

"ఏమన్నరు?"

"సరే అన్నరు."

అవ్వ నిదానంగా వెనక్కి వాలింది. కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని దుప్పటి కప్పబోతుండగా మళ్లీ అడిగింది.

"చుక్కబర్రెకు గిట్లయిందని చెప్పినవా? దాని ముచ్చట చెప్పినవా?"

ఆ మాట నేను చెప్పలేదు. చెప్పులు వేసుకుని మళ్లీ బయటికి వెళ్లాను.